ఏ పచ్చ?

కార్ల గురించి నాకు తెలిసింది ఇంతే: ముందు ఎక్కాలి, తర్వాత దిగాలి. ఆ రెండింటి మధ్య జరిగేదంతా డ్రైవరుకీ దేవుడికీ సంబంధించిన వ్యవహారం. అలాంటి నా చేతికి యూరప్ రేసు కార్ల చరిత్రను అప్పగించారంటే, అది ఆ చరిత్ర చేసుకున్న పాపమే అనుకోవాలి.

అప్పగించింది మా ముదీర్. ముదీర్ అంటే ఇక్కడి అరబ్బీలో మేనేజరు. బహ్రెయిన్‌లో మనామా సూక్ అనే పాత బజారులో బంగారం కొట్ల సందు దాటాక కింద ఒక దర్జీ, పైన మా ఆఫీసు. బోర్డులు చేస్తాం, ఎగ్జిబిషన్లకు చెక్క గోడలు నిలబెడతాం, రిబ్బను కత్తిరించే పెద్దమనిషికి కత్తెర అందిస్తాం. ముదీర్ కేరళాయన. నేను బాపట్ల మనిషిని. నా ఉద్యోగం పేరు కోఆర్డినేటర్. ఎవరి పనీ కాని పనులన్నీ నా పని అని దానర్థం.

అప్పుడు సఖీర్‌లో రేసుల సీజను. ట్రాక్‌కి కాస్త ఇవతల ఇసుకలో పెద్ద టెంటు వేసి, యూరప్ నుంచి నాలుగు పాత రేసు కార్లు తెచ్చి జనానికి చూపిస్తారట. గోడలు కట్టాల్సిన కంపెనీ ఆఖర్లో చేతులెత్తేసింది. ఎత్తిన ఆ చేతుల్లోంచి జారి పని మా నెత్తిన పడింది. ఒక్కో కారు వెనక ఒక్కో గోడ. ఆ గోడకి ఆ కారు దేశపు రేసింగు రంగు వేయాలి. శుక్రవారం సాయంత్రం ప్రారంభం. మాకు వచ్చిన కాగితంలో నాలుగు దేశాల పేర్లున్నాయి గానీ రంగుల పేర్లు లేవు. "నువ్వు చదువుకున్నదానివి కదా, కనుక్కో," అన్నాడు ముదీర్. నా చదువు ఎవరికైనా గుర్తొచ్చిందంటే నేను జాగ్రత్తగా ఉండాలని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు.

దేశపు రంగంటే జెండా రంగే కదా అనుకున్నాను. ఇటలీ జెండాకి మూడు, ఫ్రాన్సుకి మూడు, జర్మనీకి మూడు, బ్రిటన్‌కి మూడు. నాలుగు గోడలకి పన్నెండు రంగులా అని హడలిపోయి, అప్పుడు చదవడం మొదలుపెట్టాను. కార్ల ఒంటినిండా వ్యాపార ప్రకటనలు అంటించుకునే రోజులు రాకముందు, దేశాల మధ్య జరిగే రేసుల్లో ఒక్కో దేశానికి ఒక్కో రంగుండేదట. ఇటలీకి ఎరుపు. ఫ్రాన్సుకి నీలం. జర్మనీకి మొదట తెలుపు, తర్వాత వెండి. బ్రిటన్‌కి ముదురు ఆకుపచ్చ. పోనీ ఎరుపు ఇటలీ జెండాలో ఉంది, నీలం ఫ్రాన్సు జెండాలో ఉంది. బ్రిటన్ జెండా మొత్తం దులిపినా ఆకుపచ్చ ఒక్క చుక్క రాలదు. ఎందుకయ్యా అంటే, అప్పట్లో ఇంగ్లండు రోడ్ల మీద రేసులు కుదరక ఐర్లండులో పెట్టుకున్నారనీ, ఐర్లండువాళ్ల మీది మర్యాదతో కార్లకి వాళ్ల రంగు పూసుకున్నారనీ చెబుతారు. అంటే బ్రిటన్ రంగు కూడా అద్దెకి తెచ్చుకున్నదే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కార్లు చేసే కంపెనీల కథల్లోకి కూడా తొంగి చూశాను. ఒక కంపెనీ పెట్టినాయన పుట్టింది ఒక దేశం, షెడ్డు వేసుకుంది రెండో దేశం, ఇప్పుడు దాన్ని కొనుక్కున్నది మూడో దేశం. గర్వపడేది మాత్రం మూడు దేశాలూనూ. యజమానులు ఆ దేశంవారు కారు, పనివారు ఈ దేశంవారు కారు, నడిపేవారు ఏ దేశంవారూ కారు. అందుకే దానికి కారు అని పేరు పెట్టారేమో, ఆ మాట మనవాళ్లే కనిపెట్టి ఉంటారేమో అన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది.

మా దగ్గర రంగులు వేసే మనిషి ఒక్కడే. జగిత్యాల పక్క ఊరాయన. నాకంటే పెద్ద కనుక నేను అన్నా అంటాను. ఆయన ఆఫీసులో నన్ను మేడం అంటాడు, వ్యాన్ ఎక్కగానే చెల్లె అంటాడు. మేడంకి మీరు, చెల్లెకి నువ్వు. మధ్యలో వ్యాన్ తలుపు ఉంటుంది.

ఆయనకి ఒకటే కోరిక. మా దగ్గర ఏళ్లుగా రోలరు పట్టుకుని ఉన్నా, వీసా కాగితం మీద ఆయన పని 'హెల్పర్' అనే ఉంది. మొదట వీసా ఇచ్చి రప్పించిన యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, అలా రాయించాడు, అదలాగే ఉండిపోయింది. వీసా రెన్యువల్ దగ్గరికొచ్చింది. ఈసారి ముదీర్ మాటిచ్చాడు: సఖీర్ పని నువ్వొక్కడివే ఎత్తుకుని సరిగ్గా దించితే, కాగితం మీద 'పెయింటర్' అని రాయిస్తాను.

సఖీర్‌లో గోడల కొలతలకి వెళ్తూ వ్యాన్‌లో ఆ మాటే చెప్పాడు. "ఊళ్లె అందరికి నేను పెయింటర్ననే ఎర్క, చెల్లె. ఇంట్లామెకు ఎర్క, అత్తగారోళ్లకు ఎర్క. గా కాగితం ఒక్కటే ఒప్పుకుంటలేదు."

"ఈసారి ఒప్పుకుంటుందిలే అన్నా."

"నువ్వు రంగులు సక్కగ జెప్పు. నేను గోడలు సక్కగ జేస్త. కాగితం దానంతట అదే ఒప్పుకుంటది."

చెప్పడం నా వంతు కనుక, కొత్తగా ఎక్కిన జ్ఞానమంతా ఆయన మీద దించాను. జర్మనీవాళ్ల తెల్ల కారు ఒకసారి ఉండాల్సిన బరువుకంటే కొంచెం ఎక్కువ తూగిందట, పెయింటంతా గీకి పారేసి లోపలి రేకుతోనే పరిగెత్తించి గెలిచారట, వెండి రంగు అలా వచ్చిందట, ఇది నిజమో కట్టుకథో ఇప్పటికీ కొట్టుకుంటున్నారట అన్నాను.

అన్న స్టీరింగ్ మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూశాడు. "పెయింటు గీకేస్తే గెలిచిన్రా?"

"అలా అంటారు."

"ముదీర్‌కు జెప్పకు చెల్లె. నా పని బోతది."

కాసేపాగి, "మన దేశానిది ఏం రంగు మరి?" అని అడిగాడు. తెలీదన్నాను. "నాలుగు దేశాలయి జెప్పినవ్, మనది తెల్వదా?" అని నవ్వాడు. ఇప్పటికీ నాకు తెలీదు. ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

బుధవారం ఆయన సూక్‌లో పెయింట్ల కొట్టు దగ్గర నుంచి ఫోన్ చేశాడు. నేను ఆఫీసులో దేశాల పేర్ల అక్షరాలు సరిచూసుకుంటున్నాను.

"మేడం, రంగులు జెప్పుండ్రి. కొట్టాయన నిలవడ్డడు."

"ఇటలీ ఎరుపు. ఫ్రాన్సు నీలం. బ్రిటన్ పచ్చ. జర్మనీ వెండి."

"ఏం పచ్చ మేడం? లేతదా, ముదురుదా?"

"ముదురుదే. నిండుగా ఉండాలి. పచ్చటి చేనులా ఉండాలన్నా."

"కోతకొచ్చిన చేను లెక్కనా?"

"ఆఁ, అలాగే."

ఈ నాలుగు మాటల్నీ ఆ తర్వాత నేను చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఎక్కడా తప్పు కనబడదు. రంగు చెప్పాను. ఆయన నిర్ధారించుకున్నాడు. పోలిక కూడా చెప్పాను. ఇంతకంటే కోఆర్డినేషన్ ఏముంటుంది? హిందీలో మాట్లాడుకుని ఉంటే హరా అంటే హరా, పీలా అంటే పీలా, గొడవే లేదు. క్యాంపులో, కొట్లో, లిఫ్టులో రోజంతా భాయ్ భాయ్ అంటూ హిందీలోనే బతుకుతాం కదా, మనిద్దరమైనా హాయిగా తెలుగులో మాట్లాడుకుందాం అన్న సరదా మా కొంప ముంచింది.

గురువారం ఆయన సఖీర్‌లో ఒంటరిగా గోడలు వేశాడు. నేను ఆఫీసులో బోర్డులతో ఉన్నాను. సాయంత్రం ఫోన్ చేసి, "అయిపోయింది మేడం, బ్రిటన్ అయితె మెరుస్తున్నది," అన్నాడు. మెరుస్తున్నది అన్నప్పుడైనా నాకు వెలగాల్సింది. ముదురు ఆకుపచ్చ ఎక్కడైనా మెరుస్తుందా?

శుక్రవారం పొద్దున ఇద్దరం బోర్డులేసుకుని వెళ్లాం. మామూలుగా శుక్రవారం పొద్దున మా తెలుగు ఫెలోషిప్‌లో ఆరాధన ఉంటుంది. మానేస్తున్నానని ముందురోజే చెప్పాను. టెంటులోకి అడుగు పెట్టాను. ఎర్ర గోడ బాగుంది. నీలం గోడ బాగుంది. వెండి గోడ వెండిలాగే ఉంది. ఎరుపుకీ వెండికీ మధ్య, బ్రిటన్ అని అక్షరాలు పెట్టాల్సిన గోడ పెళ్లివారింటి గడపలా పసుపు ఓడుతూ నిలబడి ఉంది. కుంకుమ బొట్లొక్కటే తక్కువ.

"అన్నా, ఇదేమిటి?"

"బ్రిటన్."

"ఇది పసుపు కదా!"

"మరి పచ్చనే గదా మీరు జెప్పింది?"

"పచ్చ అన్నాను. పసుపు అనలేదు."

"పచ్చంటె పసుపు గాకుంటె ఏంది మేడం? పచ్చకామెర్లు ఏం రంగుంటయి? ఆకుల రంగుంటయా?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పచ్చకామెర్లు అంటూనే ఉన్నాను. ఒక్కరోజు కూడా అందులో పచ్చ ఏది అని ఆగి చూడలేదు. అయినా వదల్లేదు.

"రైలుకి పచ్చ జెండా ఊపుతారు కదా, అదే రంగు?"

"గది ఆకుపచ్చ. మీరు ఆకు యాడన్నరు?"

"చేను అన్నాను."

"కోతకొచ్చిన చేనా అని అడిగిన. ఆఁ అన్నరు. కోతకొచ్చిన వరి ఏం రంగుంటది?"

బాపట్ల చుట్టూ ఎటు చూసినా వరి చేలే. నేను వాటిని బస్సు కిటికీలోంచి తప్ప చూసిందాన్ని కాదు. కోతకొచ్చిన అంటే ఏపుగా పెరిగిన అనుకున్నాను. వాళ్లింట్లో పచ్చ అంటే పసుపు, ఆకుపచ్చ కావాలంటే ఆకు కలిపి చెప్పాలి. మా ఇంట్లో పచ్చ అంటే ఆకుపచ్చ, పసుపు కావాలంటే పసుపు కలిపి చెప్పాలి. ఆకు వేయకుండా భోజనం వడ్డించినట్టు, నేను ఆకు లేకుండా పచ్చ వడ్డించాను.

అన్న మొహంలో నవ్వు పోయింది. పసుపు గోడనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ముదీర్ ఒస్తున్నడా?" అన్నాడు మెల్లగా.

ముదీర్ వచ్చాడు. వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు. గోడ రంగు మారలేదు.

"ఖలాస్," అన్నాడు. తర్వాత హిందీలో, ఇంగ్లీషులో, మధ్యమధ్య మలయాళంలో అన్నదాని సారాంశం ఇది: గ్రీనుకీ యెల్లోకీ తేడా తెలియనివాణ్ని నేను పెయింటర్ అని ఏ మొహంతో రాయించను? హెల్పర్, హెల్పరే.

"తప్పు ఆయనది కాదు సార్. నాది కూడా కాదు," అన్నాను. "మాటది. నేను పచ్చ అన్నాను. తెలుగులో పచ్చంటే రెండు రంగులూ వస్తాయి."

ఈ వాదన నా దగ్గరున్న ఒకే ఒక్క వాదన. ఎవరి ముందైనా నిలబడేది. మలయాళీ ముందు తప్ప.

"పచ్చ?" అన్నాడు ముదీర్, ఇంగ్లీషులోకి దిగి. "పచ్చ నాకు తెలీదా? మా భాషలోనూ పచ్చే! పచ్చంటే గ్రీన్. మా అమ్మకి గ్రీన్, మా తాతకి గ్రీన్. యెల్లో ఎలా అవుతుంది? అతన్ని కాపాడ్డానికి నాకు నా మాటే మార్చి చెబుతున్నావా?"

పక్క రాష్ట్రాలవాళ్ల భాషలు కొంచెం కలవడం మంచిదంటారు. ఇంత కలవకూడదు.

అన్న నా పక్కకి వచ్చి, "ఏమంటున్నడు?" అన్నాడు.

"వాళ్ల భాషలో పచ్చంటే ఒక్కటేనట."

"ఆయన భాషల ఎన్నుంటె నాకెందుకు మేడం? నాకు జెప్పింది తెలుగుల గదా!"

మాట న్యాయంగానే ఉంది. తెలుగు విషయం తెలుగువాళ్లనే అడగాలి. ఫెలోషిప్‌లో పాటలు నడిపే ఆంటీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. గుంటూరు పక్కావిడ, ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నారు. ముదీర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వందనాలు ఆంటీ."

"వందనాలమ్మాయ్. రావట్లేదన్నావుగా, ఇప్పుడు వస్తున్నావా?"

"లేదాంటీ, ఒక్క సంగతి. ఒకళ్లు వచ్చి మిమ్మల్ని, గోడకి పచ్చ రంగు వేయించమన్నారనుకోండి..."

"ఏ పచ్చ?"

"అంటే?"

"అంటే ఏమిటి తల్లీ, ఆకుపచ్చా, పసుపుపచ్చా? చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది? ఇల్లు మారుతున్నారా ఏమిటి? ఎక్కడ?"

ఆంటీ తెలుగులోనే మాట్లాడారు. అయినా ఆ 'ఏ పచ్చ?' ముదీర్‌కి అర్థమైంది. మలయాళీకి పచ్చ తెలుసు, ఏ అన్నది ప్రశ్నని ఆవిడ గొంతే చెప్పింది. కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"ఆవిడ 'ఏ' అని అడిగింది," అన్నాడు.

"అవును సార్."

"నువ్వు అడగలేదు."

"లేదు సార్."

"ఇతను కూడా అడగలేదు."

"ముదురా లేతనా అని అడిగాడు సార్."

ముదీర్ టెంటు పైకప్పు వైపు చూశాడు. "గ్రీన్‌కీ యెల్లోకీ ఒకటే మాట పెట్టుకుని మీవాళ్లు రోడ్డు మీద సిగ్నల్ ఎలా దాటుతారు?"

హిందీలో అడిగాడు కనుక అన్నే జవాబిచ్చాడు. "చూస్కుంట దాటుతం సార్."

ముదీర్‌కి నవ్వు రాబోయింది, ఆపుకున్నాడు. "సరే. తప్పు మాటదే. కానీ పెయింటర్ అనే మాట కూడా మాటే. సాయంత్రం రిబ్బను కత్తిరించేలోపు గ్రీన్ గోడ ఉంటే రాయిస్తాను. లేకపోతే లేదు. యల్లా, కానివ్వండి."

అన్న రోలరు అందుకున్నాడు. అందుకుని ఆగిపోయాడు. ఆకుపచ్చ డబ్బా ఎక్కడుంది? సూక్‌లో కొట్లన్నీ శుక్రవారం పొద్దున మూసుంటాయి, నమాజు అయ్యాక ఎప్పుడో తీస్తారు. అప్పుడు కొనుక్కుని మనామా నుంచి సఖీర్ వచ్చి, వేసి, ఆరబెట్టేసరికి రిబ్బనూ కత్తెరా ఇళ్లకి వెళ్లిపోతాయి. మా దగ్గర మిగిలినవి పసుపు సగం డబ్బా, నీలం పావు డబ్బా, ఎరుపు అడుగున కొంచెం, గోడల కింది అంచుకి తెచ్చిన నలుపు.

లెక్కలు తేలకముందే కార్ల లారీ వచ్చింది. కార్లతో పాటు ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ముందుగా దిగాడు. కార్ల బాగోగులు చూసేది ఆయనే. తెల్లటి మీసాలు, చేతిలో మెత్తటి గుడ్డ. పసిపిల్లల దుప్పటి తీసినట్టు ఒక్కో కారు ముసుగూ తీయించాడు. నీలం కారు. వెండి కారు. ముదురు ఆకుపచ్చ కారు. నాలుగోది ఇటలీ కారు. దాన్ని నెట్టుకొచ్చి ఎర్ర గోడ ముందు పెట్టి ముసుగు లాగారు.

పచ్చగా ఉంది. ఏ పచ్చ అని మీరు అడుగుతారు. పసుపుపచ్చ.

బయట ట్రాక్ మీద ప్రాక్టీసు కార్లు తేనెటీగల్లా ముసురుకుంటున్నాయి. అన్న నా చెవి దగ్గరికి వంగి, "దీనికి గూడ మీరే జెప్పిన్రా?" అన్నాడు.

నేను పెద్దాయన దగ్గరికి వెళ్లి, నాకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, ఇటలీ అంటే ఎరుపు కదండీ అని అడిగాను. ఆయన సంతోషపడిపోయాడు. ఈ ప్రశ్న అడిగేవాళ్ల కోసమే ఆయన బతుకుతున్నట్టుంది. కారు ఇటలీలో తయారైందే. కానీ దీన్ని పోటీకి దింపింది బెల్జియం జట్టు. బెల్జియం రంగు పసుపు. రంగు కారు చేసినవాళ్లది కాదు, పోటీకి దింపినవాళ్లది. అదీ పద్ధతి.

"మాకు చెప్పలేదే?" అన్నాను.

"ఎవరూ నన్ను అడగలేదే," అన్నాడు మర్యాదగా. ఆవేళ అడగనివాళ్ల జాబితాలో నేను రెండోసారి ఎక్కాను.

అన్నకి తెలుగులో చెప్పాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేయబోయి, పెద్దాయన చూపు చూసి వెనక్కి తీసుకున్నాడు.

"అంటె కఫీల్ రంగన్నట్టు."

"అలాగే అనుకో."

"పుట్టింది ఇటలీ, రంగు బెల్జియందు. దీనికి గూడ నా తీర్గనే వీసా కొట్టిన్రు, పాపం."

పసుపు కారు వెళ్లి పసుపు గోడ ముందు నిలబడింది. ఒకదానికోసం ఒకటి పుట్టినట్టున్నాయి. ముదీర్ ఒక్క క్షణం చూసి, పెద్దాయన వైపు తిరిగి, "అందుకే ముందే యెల్లో వేయించాం," అన్నాడు. ఆయన మేనేజరు ఎందుకయ్యాడో, నేను కోఆర్డినేటర్‌గానే ఎందుకుండిపోయానో నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఇప్పుడు ఖాళీగా మిగిలింది ఎర్ర గోడ. ఆకుపచ్చ కారుకి ఆ గోడ ఆకుపచ్చ కావాలి. అన్న డబ్బాల ముందు గొంతుకూర్చున్నాడు.

"పసుపుల నీలం కలిపితె ఆకుపచ్చ అయితది," అన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసు, బళ్లో చెప్పారు. బళ్లో చెప్పనిది ఎంత పసుపులో ఎంత నీలం అన్నది. మొదట కలిపింది లేత చిలక రంగొచ్చింది. ఇంకొంచెం నీలం, కొంచెం నలుపు. అట్టముక్క మీద పూసి ఆరబెడితే అచ్చం గోంగూర పచ్చడి. ఆ పచ్చడిలో కూడా పచ్చ ఉంది గానీ మాకు కావలసింది అది కాదు. అన్న ఈసారి నీలం చుక్కలు చుక్కలుగా వేస్తూ కర్రతో తిప్పాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటున్నాడో, మొక్కుకుంటున్నాడో నాకు తెలీదు. నీలం డబ్బా అడుగు కనిపించేదాకా ఫ్రాన్సునీ బెల్జియాన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపేసి బ్రిటన్‌ని చేయడానికి చూస్తున్నాడు. చరిత్రలో ఎవరూ చేసి ఉండరు.

మూడో అట్టముక్క ఆరింది. ఆకుపచ్చ కారు పక్కన పట్టుకున్నాను. దగ్గరగానే ఉంది గానీ సరిగ్గా అదే కాదు. మాది ఇంకొంచెం ముదురు, కారు ఇంకొంచెం నీలం. అన్న నా మొహం చూస్తున్నాడు. ఇది ఒప్పో తప్పో తేల్చే అధికారం నాకు లేదు కనుక అట్టముక్కని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి, సరైన బ్రిటన్ ఆకుపచ్చ ఇదేనా, లేకపోతే ఎంత తేడా ఉంది అని అడిగాను.

ఆయన అట్టని వెలుతురులో పెట్టి చూసి నవ్వాడు. సరైనది అంటూ ఏదీ లేదు. అప్పట్లో ఒక్కో జట్టు ఒక్కో డబ్బాలో తనకి తోచింది కలుపుకునేది. కొందరిది నల్లగా ఉండేది, కొందరిది లేతగా. ఆకుపచ్చ అయితే చాలు.

అన్నకి చెప్పాను. డబ్బా వైపు చూసి, పెద్దాయన వైపు చూసి, "గీ ముచ్చట పొద్దుగాల్ల జెప్తె ఏం బోయె," అన్నాడు. అని రోలరు ముంచాడు.

ఎరుపు మీద ముదురు ఆకుపచ్చ. ఒక పూతకి ఆగలేదు, లోపలి నుంచి ఎరుపు సిగ్గుపడుతూ తొంగి చూసింది. రెండో పూత వేస్తుండగా గాలి లేచింది. సఖీర్ గాలి వట్టి చేతులతో రాదు, ఇసుకతో వస్తుంది. టెంటు తలుపు తెర నేను పట్టుకుని నిలబడ్డాను. లోపల గోడ ఆరడానికి విసరాలి, విసనకర్ర లేదు. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే మా ముదీర్ కోటు విప్పి, ఇటలీ అని రాసున్న బోర్డు రెండు చేతులా పట్టుకుని బ్రిటన్‌కి విసురుతున్నాడు.

"కొంచెం మీదికి సార్," అంటున్నాడు అన్న. ముదీర్ మీదికి విసిరాడు.

డబ్బా గోడకంటే ముందు అయిపోయింది. కింద కుడి మూల మూరెడు మేర ఎరుపు మిగిలిపోయింది. అన్న డబ్బాని తలకిందులు చేసి, కర్రతో గీకి, బ్రష్‌ని పిండి, చివరికి ఆ మూల ముందు కూలబడ్డాడు. గీకితే గెలిచిన జర్మనీవాళ్లు వేరు. బయట కార్లు ఆగుతున్న చప్పుడు, మనుషుల గొంతులు. నేను గుమ్మం దగ్గర అలంకారానికి పెట్టిన పూలకుండీల్లోంచి, పూలు లేనిది, ఆకులు గుబురుగా ఉన్నది ఒకటి చూసి ఈడ్చుకొచ్చి ఆ మూల పెట్టాను. బుధవారం చెప్పాల్సిన ఆకు, శుక్రవారానికి చేరింది.

రిబ్బను తెగింది. ఆ సాయంత్రం వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది నన్నే అడిగారు, ఇటలీ అని రాసి పసుపెందుకు అని. నేను చెప్పడం మొదలుపెట్టేదాన్ని: చేసింది వాళ్లు, దింపింది వీళ్లు, అవతలిది ఇంగ్లండుది గానీ రంగు ఐర్లండుది... మూడో మాటకి వాళ్లకీ నాకూ కూడా దారి తప్పేది. పెద్దాయన వచ్చి వాళ్లని నా నుంచి విడిపించుకుని వెళ్లేవాడు. వాళ్లు కారు ముందు ఫొటో దిగేవాళ్లు. కుండీని ఎవరూ పట్టించుకోలేదు.

ముదీర్ మాట నిలబెట్టుకున్నాడు. కొన్ని వారాలకి కొత్త వీసా కాగితం వచ్చింది. అన్న దాన్ని ఆఫీసుకి తెచ్చి నా బల్ల మీద పెట్టి, "సదువుండ్రి మేడం," అన్నాడు. పెయింటర్ అని చదివాను. "ఇంకోసారి," అన్నాడు. మళ్లీ చదివాను. పక్కన అరబ్బీలో ఉన్నదేమిటన్నాడు. నాకు అరబ్బీ రాదు, అదీ అదే అయి ఉంటుందన్నాను. ఆయన అక్కడికక్కడే ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపాడు.

వెంటనే ఫోన్ మోగింది. వాళ్లావిడ. అవతల ఆవిడ గొంతు గదంతా వినబడుతోంది.

"ఇదేంది, గిప్పుడు పెయింటర్ అని ఒచ్చింది?"

"ఔ, ఒచ్చింది!"

"గిప్పుడొచ్చుడేంది? మరి గిన్నేండ్ల సంది ఏం జేస్తున్నవ్ ఆడ?"

అన్న మొహం చూడాలి. కాగితం ఒప్పుకుంటే అన్నీ తీరతాయనుకున్నాడు గానీ, కాగితం ఒప్పుకోవడంతో ఇన్నేళ్లూ ఒప్పుకోలేదన్న సంగతి బయటపడుతుందని ఆలోచించుకోలేదు. నేనూ ఆలోచించలేదు. వేడి గిన్నె దించినట్టు ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. "మా మేడం జెప్తది."

ఆఫీసులో ఎవరి పనీ కాని పని నా పని కదా. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అక్కా, మీరన్న నిజం జెప్పుండ్రి. ఈయన పెయింటరేనా?"

"పెయింటరేనమ్మా."

"ఎప్పటి సంది?"

"మొదట్నుంచీ."

"మరి కాగితం?"

ఎర్ర గోడా, గోంగూర పచ్చడీ, బోర్డుతో విసిరిన ముదీరూ, దింపినవాళ్ల రంగూ అన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. "కాగితానికి ఇప్పుడే తెలిసిందమ్మా," అన్నాను.

అవతల నుంచి నవ్వో నిట్టూర్పో పోల్చుకోలేనిది ఒకటి వినబడింది. "ఏమో అక్కా. మీ దుబాయోళ్ల ముచ్చట్లు నాకు సమజ్ గావు. ఆయనకియ్యుండ్రి."

మేమున్నది దుబాయి కాదమ్మా, బహ్రెయిన్ అని చెబుదామనుకున్నాను. అప్పటికే అన్న కాగితాన్ని మడత పడకుండా గుండెకి ఆనించి పట్టుకుని, ఫోన్ కోసం చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు. ఆవేళ్టికి ఒక తికమక తీరింది కదా అని ఊరుకుని ఇచ్చేశాను.